ఆర్విన్ వచ్చి వెళ్ళాడట

ఎల్క్ ప్రెయిరీ, మిన్నెసోటా
1988 ఏప్రిల్ 6

చెల్లి కారిన్‌కి,

ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. మంచు కరిగి పెరడంతా బురద. నువ్వు కూడా బాగానే ఉన్నావని చర్చి కింద గదిలో కాఫీ తాగుతుండగా తెలిసింది. డెల్ఫీన్ స్కోగ్ చెప్పింది. "మీ చెల్లెలి నాటకాన్ని సినిమాగా తీస్తున్నారట కదా మార్లిస్! పేపర్లో పడింది. నీకు చెప్పలేదా?" అంది, చెప్పలేదని తెలిసే. "చెప్పకేం, ఎప్పుడో చెప్పింది" అన్నాను. చర్చిలో కూర్చోబెట్టి నాచేత అబద్ధమాడించావు. ఆ పాపం నీదే.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. చేస్తే నువ్వు లేనప్పుడు జవాబిచ్చే నీ మిషన్ మాట్లాడుతుంది. మిషన్‌తో మన ఇంటి సంగతులు మాట్లాడేటంత గతిలేనిదాన్ని కాను. పైగా ఫోన్లో నువ్వు ఏడ్చి గెలుస్తావు. కాగితం మీద ఏడవలేవు కదా.

ఆ నాటకం నేను చూడలేదు. మినియాపోలిస్‌లో వేసినప్పుడు మన ఊరివాళ్ళు బస్సు మాట్లాడుకుని మరీ వెళ్ళారు. నేను అమ్మకి జలుబని మానేశాను. డెల్ఫీన్ వచ్చి పూసగుచ్చినట్టు చెప్పింది. నాన్న అంత్యక్రియలకి అందరం చేరి తిన్న భోజనమేనట నీ కథ. పేర్లు మార్చావట. మీ అన్న ఆర్విన్‌ని ఆర్లెన్ చేశావు, నన్ను మేవిస్ చేశావు. ఎంత కష్టపడ్డావో పాపం! ఆ మేవిస్ మొదటినుంచి చివరిదాకా బల్ల తుడుస్తూనే ఉంటుందట, జనం నవ్వుతారట. తుడవకపోతే మీ కళాకారులంతా మోచేతులు ఎక్కడ ఆనించేవాళ్ళో!

నా సంగతి పోనీ. నా బాధంతా ఆ తలుపు గురించి. నాటకంలో ఆర్లెన్ కన్నతల్లి మొహం మీద "ఈ గడప మళ్ళీ తొక్కను" అని అరిచి, తలుపు దడాలున వేసి పోతాడట. మన ఆర్విన్ పుట్టి బుద్ధెరిగి ఎవరిమీదైనా అరిచాడా? పాలు పితికేటప్పుడు ఆవుని కూడా "కొంచెం జరుగుతావా అమ్మా" అనేవాడు. నాటకం చూసొచ్చినవాళ్ళు ధాన్యం గోదాము దగ్గర వాణ్ణి ఆటపట్టించారు. "ఏం ఆర్విన్, మీ ఇంటి తలుపులు గట్టివేనా?" అని. అంతకుముందు పండగకో పబ్బానికో వచ్చి గుమ్మంలో నిలబడైనా వెళ్ళేవాడు. ఆ తర్వాత అదీ పోయింది. గంట దూరంలో బీట్‌దుంపలు పండించుకుంటూ మూడేళ్ళుగా తల్లి మొహం చూడలేదు.

అమ్మకి మతి వస్తూ పోతూ ఉంది. నిన్న నన్ను మార్లిస్ అనే పిలిచింది. మొన్న వాళ్ళ పిన్ని అనుకుని, కోళ్ళకి మేత వేశావా అని అడిగింది. ఆర్విన్‌ని గుర్తుపట్టే తెలివి ఉండగానే వాడు ఒక్కసారి ఈ బల్ల దగ్గర కూర్చుని తినాలి. నాకింకేం అక్కర్లేదు. నీ సినిమా ఊరూరా ఆడితే వాడు ఇక రానే రాడు. ఆపించు. ఆపలేకపోతే ఆ తలుపైనా తీయించు.

బల్ల తుడుచుకుంటూ,
మీ అక్క మార్లిస్

*

న్యూయార్క్
ఏప్రిల్ 20

అక్కా,

నీ ఉత్తరం చదివి చెయ్యి కాలిందేమోనని చూసుకున్నాను. అంత ఘాటుగా ఉంది.

ముందుగా చెప్పనందుకు తప్పు నాదే. సినిమా ఆపడం మాత్రం నా వల్ల కాదు. హక్కులు అమ్మేశాక రాసినవాళ్ళం పెళ్ళి చేయించిన పాస్టర్‌లాంటి వాళ్ళం. ఆపైన వాళ్ళు కాపురం ఎలా చేసుకున్నా మనల్ని అడగరు. షూటింగ్‌కి కూడా రావద్దని చాలా మర్యాదగా ఉత్తరం రాశారు.

తలుపు గురించి. ఆర్లెన్ ఆర్విన్ కాదు. ఎన్నిసార్లు చెప్పాలి? అది కళ. ఆ తలుపు చప్పుడుకే ఇక్కడ జనం కుర్చీల్లో ఉలిక్కిపడేవాళ్ళు. అయినా అన్నయ్య ఆ రోజు భోజనాల బల్ల దగ్గరనుంచి లేచి వెళ్ళిపోయాడా లేదా? నా కళ్ళారా చూశాను. గట్టిగా వేశాడా, మెల్లగా వేశాడా అన్నదే కదా మన తగువు! అన్నయ్యకి అంత పౌరుషం ఉంటే నాకే ఉత్తరం రాసి తిట్టొచ్చు. మౌనవ్రతం పట్టి అమ్మని శిక్షించడమేమిటి?

ఒక మంచి కబురు. సినిమా మన ఊళ్ళోనే తీస్తారట. మన ఇల్లు అడగమని నేనే చెప్పాను. సున్నం వేయిస్తారు, వంటింటి పైకప్పు బాగుచేయిస్తారు, అమ్మకి కాలక్షేపం. వాళ్ళ మనిషి వస్తాడు. కొంచెం నవ్వుతూ మాట్లాడు, ప్లీజ్.

నీ కారిన్

*

ఎల్క్ ప్రెయిరీ
జూన్ 12

కారిన్,

వచ్చాడు నీ మనిషి. ఎర్ర చొక్కా, కాళ్ళకి మేజోళ్ళు లేవు. నేను నవ్వుతూనే మాట్లాడాను, నీ మీద ఒట్టు.

"మేడమ్, మీ ఇల్లు మాకు చాలా నచ్చింది, షూటింగ్‌కి ఇస్తారా?" అన్నాడు. "అయ్యో, మా ఇంట్లో ఏముంది బాబూ, వద్దులెండి" అన్నాను. "నిజంగానే వద్దంటారా?" అన్నాడు. "గోడకాగితం కూడా ఊడిపోయింది, వద్దులెండి" అన్నాను. అప్పటికే పొయ్యి మీద కాఫీ ఉంది, తియ్యటి నిమ్మకాయ బార్లు ముక్కలుగా కోసి పళ్ళెంలో పెట్టి ఉన్నాయి. వాడేం చేశాడో తెలుసా? "మీ మాట మేం గౌరవిస్తాం మేడమ్" అని చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు. ఎటు? నేరుగా రోడ్డు దాటి డెల్ఫీన్ ఇంటికి. అదేమో మొదటిసారి అడగ్గానే సరేనందట. మొదటిసారికే! తల్లి కడుపున పుట్టిందా, రైల్వే స్టేషన్‌లో పుట్టిందా?

ఇప్పుడు మన నాన్న అంత్యక్రియల భోజనం డెల్ఫీన్ వంటింట్లో జరగబోతోంది, ఆ బాతుబొమ్మల కర్టెన్ల కింద. మన పరువు పోతే పోయింది, కనీసం మన ఇంట్లో పోయుంటే బాగుండేది. డెల్ఫీన్ జుట్టు కూడా రంగు వేయించుకుంది. షూటింగ్ జనానికి నేను తప్ప ఊరంతా బంధువులే.

ఆర్విన్‌కి కబురు పంపాను, వచ్చే ఆదివారం భోజనానికి రమ్మని. పని ఉందన్నాడట.

మార్లిస్

*

న్యూయార్క్
జూలై 1

అక్కా,

నవ్వి నవ్వి కడుపు నొప్పి పుట్టింది. కోప్పడకు. నువ్వు మూడోసారి అడుగుతాడని చూస్తూ కూర్చున్నావు, అవునా? వాళ్ళు కాలిఫోర్నియా వాళ్ళు అక్కా. వద్దు అంటే వద్దు అనే అనుకుంటారు. రెండుసార్లు వద్దని మూడోసారి "సరే, మీరు అంతగా అంటున్నారు కాబట్టి" అనే తతంగం మన ఎల్క్ ప్రెయిరీ దాటితే ఎవరికీ తెలియదు. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో ఇలాగే పస్తులున్నాను. "ఇంకొంచెం వేసుకుంటావా?" అంటే వద్దనేదాన్ని, గిన్నె తీసేసేవాళ్ళు. ఆకలి అన్నీ నేర్పిస్తుంది.

పోనీలే, బాతుబొమ్మల కర్టెన్లకి ఆస్కార్ వస్తే డెల్ఫీన్ పక్కన నిలబడి ఫొటో దిగు.

ప్రేమతో,
కారిన్

*

ఎల్క్ ప్రెయిరీ
జూలై 9

కారిన్,

నేర్చుకున్నావు, నిజమే. మరీ ఎక్కువగా నేర్చుకున్నావు. నువ్వే ఎత్తావు కాబట్టి చెబుతున్నాను, ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నది.

నాన్న అంత్యక్రియల రోజు భోజనమయ్యాక ఆర్విన్ ఏమన్నాడు? "నేనిక బయల్దేరతా మరి" అన్నాడు. మన ఇళ్ళలో ఆ మాటకి అర్థమేమిటి? కాఫీ పెట్టండి అని. మనం కూర్చోమనాలి, వాడు "వద్దులే, గొడ్లున్నాయి" అనాలి. మళ్ళీ కూర్చోమనాలి, మళ్ళీ వద్దనాలి. మూడోసారికి కోటు తగిలించి కూర్చోవాలి. ఆ తర్వాత కదా అసలు మాటలు మొదలయ్యేది, అమ్మని ఎవరు చూసుకుంటారు, పొలం ఏం చేద్దాం అని! వాడు ఆ మాటల కోసమే ఉదయం నుంచీ గొంతు సవరించుకుంటున్నాడు.

నువ్వేం చేశావు? గబగబా లేచి వాడి కోటు తెచ్చి చేతిలో పెట్టావు. "రోడ్డు జారుతుంది, జాగ్రత్త" అన్నావు. అంటే సొంత చెల్లెలు తండ్రిని సాగనంపిన రోజున అన్నని బయటికి పంపినట్టు. వాడు కోటు తొడుక్కుని, అమ్మకి వెళ్ళొస్తానని చెప్పి, తలుపు మెల్లగా దగ్గరికి వేసుకుని వెళ్ళాడు. వెళ్ళి తన పికప్ బండిలో కూర్చుని ఇంజన్ ఆన్ చేసి అలాగే ఉండిపోయాడు. కిటికీ మీద ఆవిరి తుడిచి చూశాను, అక్కడే ఉన్నాడు. గిన్నెలు కడిగి మళ్ళీ చూశాను, అక్కడే ఉన్నాడు. నువ్వు వెళ్ళి పిలుస్తావనుకున్నాను. నా చేతులనిండా సబ్బు. నువ్వేమో పాస్టర్ గారి భార్యకి న్యూయార్క్ సబ్‌వే రైళ్ళ గురించి చెబుతున్నావు.

అదీ నువ్వు కళ్ళారా చూసింది. దాన్ని తీసుకెళ్ళి దడాలుమనే తలుపు చేశావు.

మార్లిస్

*

న్యూయార్క్
ఆగస్టు 3

అక్కా,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేకపోయాను. నాకు నిజంగా తెలియదు. కోటు తెచ్చివ్వడం మర్యాద అనుకున్నాను. చలిగా ఉందని, పాపం దూరం వెళ్ళాలని. ఇంజన్ చప్పుడు నాకు వినబడనే లేదు. ఇది చదివాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. నీకు సంతోషమేనా?

ఊరికే కూర్చోలేదు. దర్శకుడికి ఫోన్ చేసి, తలుపు తీసేసి ఆ పికప్ పెట్టమన్నాను. "ఒక మనిషి బండిలో ఊరికే కూర్చుంటే మన జనం పాప్‌కార్న్ కొనుక్కోడానికి లేస్తారండీ" అన్నాడు. కానీ చివర్లో ఒక కొత్త సీను కావాలన్నాడు. ఆర్లెన్ తిరిగొచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని క్షమాపణ చెప్పుకుంటాడు. అది రాసిచ్చాను. నా చేతిమీదుగా వచ్చినవాటిలో అంత మంచి మాటలు లేవు అక్కా. కనీసం సినిమాలోనైనా వాడు ఇంటికొస్తాడు.

అన్నయ్యకి ఉత్తరం రాద్దామని కూర్చుంటే మాత్రం ఒక్క వాక్యం రాలేదు. ఆర్లెన్ చేత నాలుగు పేజీలు మాట్లాడించినదాన్ని, ఆర్విన్‌కి "ఎలా ఉన్నావు" తర్వాత ఏం రాయాలో తోచలేదు.

కారిన్

*

న్యూయార్క్
సెప్టెంబరు 22

అక్కా, అక్కా, అక్కా!

నా పుట్టినరోజుకి అమ్మ కార్డు పంపింది! నువ్వు చెప్పనేలేదు, దొంగా! సొంత దస్తూరీతో, కొక్కిరిబిక్కిరి గీతల్లో. "ఆర్విన్ వచ్చి వెళ్ళాడు. ఆపిల్-పై రెండు ముక్కలు తిన్నాడు. చిక్కిపోయాడు. నామీద కోపం లేదట." ఇంతే. దాన్ని పట్టుకుని సబ్‌వేలో అందరిముందూ ఏడ్చాను. ఇది కాగితం మీద ఏడవడం కాదు, కాబట్టి నువ్వు గెలిచినట్టే.

ఎలా రప్పించావు? ఏం మాట్లాడుకున్నారు? షూటింగ్ హడావిడిలో నువ్వు ఉత్తరాలే మానేశావు, నేను కోపమొచ్చిందేమో అనుకున్నాను.

ఇన్నాళ్ళూ రాని మాటలు ఒక్కసారిగా వచ్చేసి, అదే రోజు అన్నయ్యకి ఉత్తరం రాశాను. "అమ్మ దగ్గరికి వెళ్ళినందుకు నీకు వెయ్యి దండాలు. నువ్వు ఆపిల్-పై తిన్నావని అమ్మ ఎంత మురిసిపోయిందో! ఆ కోటు విషయం నన్ను క్షమించు" అని. పోస్టులో వేసేశాను. తేలికగా ఉంది ప్రాణం.

మీ పిచ్చి చెల్లెలు,
కారిన్

*

ఎల్క్ ప్రెయిరీ
సెప్టెంబరు 28

కారిన్,

ఏం పని చేశావు!

ఆ కార్డు అమ్మ తనే రాసి అంటించింది. విప్పి చదివితే చిన్నబుచ్చుకుంటుందని అలాగే పోస్టులో వేశాను. నాకు బుద్ధి లేదు.

వచ్చింది ఆర్విన్ కాదు. నీ సినిమాలో ఆర్విన్ వేషం వేసే కుర్రాడు, ట్రెంట్ అట. "నిజమైన అమ్మగారిని ఒక్కసారి చూస్తే పాత్ర బాగా పండుతుంది" అని వచ్చాడు. ఈసారి మొదటిసారికే రమ్మన్నాను, డెల్ఫీన్ ఇంటికి పోతాడన్న భయంతో. అదే నా కొంప ముంచింది. వాడికి ఆర్విన్‌లాగే ముందు జుట్టు పల్చబరిచి, అలాంటి గళ్ళచొక్కా తొడిగారు. అమ్మ కుర్చీలోంచి చూసి "ఆర్విన్, ఇప్పటికి తెలిసిందిరా నీకు దారి!" అని రెండు చేతులూ చాచింది.

నేను కాదని చెప్పేలోగా వాడు వెళ్ళి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. కూర్చుని, నువ్వు రాసిచ్చిన ఆ నాలుగు పేజీలూ అప్పజెప్పాడు! ఒక్క ముక్క వదలకుండా. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు. అమ్మ వాడి కాలర్ సరిచేసి, తల నిమిరింది. తర్వాత ఆపిల్-పై తిన్నాడు. వెళ్ళేటప్పుడు నాతో గుమ్మంలో "ఇంత అద్భుతమైన రిహార్సల్ నా జన్మలో చెయ్యలేదండీ" అన్నాడు. పళ్ళెం పెట్టి కొట్టాల్సింది. కానీ అమ్మ ఆ రోజు హాయిగా నిద్రపోయింది కారిన్, చాలా నెలల తర్వాత. అందుకే ఊరుకున్నాను. నీకు రాయడానికి సిగ్గేసింది.

ఆర్విన్‌కి ఇవేవీ తెలియవు. ఇప్పుడు నీ ఉత్తరం చేరి ఉంటుంది. వాడు తినని ఆపిల్-పై ముక్కలకి వాడికి దండాలు పెట్టావు. నువ్వు ఇంక ఎవరికీ ఏమీ రాయకు.

మార్లిస్

*

న్యూయార్క్
అక్టోబరు 5

అక్కా,

నేను ఛస్తే బాగుండును. అన్నయ్యకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తడం లేదు. దుంపల కోత మొదలై ఉంటుంది, పొలంలోనే తిండీ నిద్రా.

ఆ ట్రెంట్‌ని ఏమనాలో తెలియడం లేదు. దర్శకుడికి ఫోన్ చేసి తిట్టాను. ఆయన "ఎంత గొప్ప సంఘటనండీ, దీన్ని ఇంకో సినిమాగా రాయకూడదూ?" అన్నాడు. ఫోన్ పెట్టేశాను. పెట్టేసి, నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం ఆలోచించాను కూడా. నీ దగ్గర దాచడమెందుకు!

ఒక్కటి అడుగుతాను, చీవాట్లు పెట్టకు. ఆ మాటలు రాయడానికి నేను రెండు వారాలపాటు తల బద్దలు కొట్టుకున్నాను. వాడు చెబుతుంటే అమ్మ మొహం ఎలా ఉంది? నమ్మిందా?

కారిన్

*

ఎల్క్ ప్రెయిరీ
అక్టోబరు 17

కారిన్,

నమ్మిందా అని అడిగావు. నమ్మింది.

శనివారం ఆర్విన్ వచ్చాడు. కోత మధ్యలో యంత్రం ఆపి వచ్చాడు. ఆ పని ఈ చుట్టుపక్కల ఎవడూ, తండ్రి పోయినా చెయ్యడు. మోకాళ్ళదాకా మట్టి. నీ ఉత్తరం అందిందట. గుమ్మంలో నిలబడి "అక్కా, ఆ ఆపిల్-పై తిన్నదెవరు?" అన్నాడు. చెప్పాను. బూట్ల మట్టిని గడపకి గీకాడు. "సరే, నేను బయల్దేరతా మరి" అన్నాడు. లోపలికి రారా అంటే మట్టి అన్నాడు. మళ్ళీ అంటే కోత అన్నాడు. ఆపైన నేను అడగలేదు, చొక్కా పట్టుకుని లోపలికి లాగాను.

అమ్మ తలెత్తి చూసి, "ఎవరండీ మీరు?" అంది.

"అమ్మా, ఆర్విన్ వచ్చాడే" అన్నాను.

"ఛ, ఊరుకో మార్లిస్. ఆర్విన్ మొన్ననే కదా వచ్చి వెళ్ళాడు! ఎంతసేపు కూర్చున్నాడు, ఎన్ని మాటలు చెప్పాడు! వాడికి అన్ని మాటలొచ్చని నాకే తెలియదు" అంది. నన్ను మార్లిస్ అనే పిలిచింది, గమనించు. ఆ రోజు తెలివి బాగానే ఉంది. నేను మళ్ళీ నోరు తెరవబోతే ఆర్విన్ వద్దన్నట్టు తల ఊపాడు. కుర్చీ లాక్కుని బల్ల దగ్గర కూర్చున్నాడు.

"ఏం చేస్తుంటారు?" అంది అమ్మ.

"బీట్‌దుంపలు వేస్తానండీ, పడమటి వైపు."

"మా అబ్బాయీ అంతే. ఆర్విన్ నైగార్డ్. ఎరుగుదురా?"

"కొంచెం ఎరుగుదునండీ."

"మంచి పిల్లాడు. జనం ఏవేవో అన్నారు గానీ. తలుపు వేసి పోయాడని, అరిచాడని. వాడే వచ్చి చెప్పుకున్నాడు, తప్పయిందమ్మా అని."

చెయ్యని తప్పు అది. వాడు తల దించుకుని ఆపిల్-పై తిన్నాడు. ఓవెన్లోంచి మాంసం, దుంపల హాట్‌డిష్ తీసి పెడితే అదీ తిన్నాడు. నేను ఏం చేస్తున్నానో తెలుసుగా, బల్ల తుడుస్తున్నాను. నీ మేవిస్‌ని చూసి నవ్వినవాళ్ళు వచ్చి చూడాల్సింది. చెయ్యి ఆపితే ఏడ్చేసేలా ఉన్నాను.

నేను ఆరు నెలల క్రితం నీకు రాసింది అక్షరాలా జరిగింది. ఆర్విన్ ఈ బల్ల దగ్గర కూర్చుని తిన్నాడు. అడిగింది దొరికింది, దొరికి నా గుండె కోసింది. నాకు నీ మీద చాలా కోపంగా ఉంది కారిన్. డెల్ఫీన్ మీద, ఆ ట్రెంట్ మీద, ఆ రోజు సబ్బు చేతులతో నిలబడ్డ నా మీద కూడా ఉంది. అయినా నీ మీదే ఎక్కువ, ఎందుకంటే మాటలు నీవి.

వెళ్ళేముందు అమ్మ వాడి చెయ్యి పట్టుకుంది. "చేతులు ఎంత చల్లబడ్డాయో! మీకు అమ్మ ఉందా?" అంది.

"ఉందండీ" అన్నాడు.

"అయితే ఒకసారి వెళ్ళి చూసి రండి. పనులు ఎప్పుడూ ఉండేవే. మావాడు ఇన్నాళ్ళకి వచ్చాడా, నా ప్రాణం కుదుటపడింది. ఆవిడా ఎదురుచూస్తూ ఉంటుంది."

"వెళ్తానండీ" అన్నాడు వాడు.

మళ్ళీ ఆదివారం వస్తానని నాతో చెప్పి వెళ్ళాడు. ఎవరుగా వస్తావని నేను అడగలేదు. నువ్వు కూడా బయల్దేరు. రాసుకోవడానికి కాదు. నీ ఫొటో చూపిస్తే నిన్ను ఇంకా గుర్తుపడుతోంది.

అక్క